దసరా పూజకు పెట్టిన కీలు

1944లో నేను హనుమకొండలో వకీలుగా ఉన్నాను. పేటెంటు పని తెలిసినవాళ్లు మా దిక్కున లేకపోవడంతో అలాంటి కాగితం ఏదొచ్చినా నా బల్ల మీదికే చేరేది. ఆ ఏడు మొదట్లో చేరింది కాశిబుగ్గ నేతగాడు రాజయ్యది.

బట్ట నేసేకొద్దీ పడుగును, అంటే మగ్గం మీది నిలువు పోగులను, సడలిస్తూ ఉండాలి. అందుకోసం నేతగాడు మాటిమాటికీ మగ్గం గుంటలోంచి లేవాలి. రాజయ్య లేవకుండానే కాలితో తొక్కి సడలించే కొయ్యకీలు చేశాడు. అతనికి నూలిచ్చే సాహుకారు ఆ కీలును తన మగ్గాలన్నిటికీ పెట్టించుకోవాలని చూస్తున్నాడు. పేటెంటు వస్తే రాజయ్యను అడగాలి, రాకపోతే అడగనక్కర్లేదు.

హైదరాబాదు పేటెంటు దఫ్తరులోని పరీక్షకుడు మా దరఖాస్తును తోసిపుచ్చాడు. లేవకుండా పడుగు సడలించే ఏర్పాటు ఒక ఇంగ్లీషు పేటెంటులో ముందే ఉందన్నాడు. కనిపెట్టినవాడు తనదని కోరే ఒక్కో అంశాన్ని క్లెయిము అంటారు. మా మొదటి క్లెయిము 'పడుగు సడలించే ఏ కీలైనా' అని ఆకాశమంత ఉంది. దాన్ని వదులుకుందామంటే రాజయ్య ఒక పట్టాన ఒప్పుకోలేదు. చివరికి 'కాలితో సడలించేది' అన్నదాన్నే నిలబెట్టి అప్పీలు వేశాను. ఇంగ్లీషువాళ్లది బరువులు వేలాడదీస్తే నడిచేది కనుక తేడా స్పష్టంగానే ఉంది.

విచారణలో పై అధికారి నా వాదన విని తలూపాడు. ఇక గెలిచామనుకున్నాను. చివరగా ఆయన, ఇది నిజంగా నడుస్తుందా అని రాజయ్యనే అడిగాడు.

"నడ్వకుంటె పోయిన దసరకు వాకిట్ల వెట్టి పూజ చేస్తనా సాబ్? వాడకట్టంత వచ్చి సూసిండ్రు. నేనే తొక్కి సూపెట్టిన" అన్నాడు రాజయ్య, గర్వంగా.

మేము దరఖాస్తు వేసింది ఆ దసరా దాటాక. దరఖాస్తుకు ముందే పదిమందికీ తెలిసిన వస్తువు చట్టం లెక్కలో కొత్తది కాదు. ఇంగ్లీషు పేటెంటుతో పని లేకుండానే అప్పీలు అక్కడ పడిపోయింది.

బయటికొచ్చాక నాకు ఒళ్లు మండింది. ఈ సంగతి ముందే ఎందుకు చెప్పలేదని కోప్పడ్డాను.

"మీరు అడగలేదు గద వకీల్ సాబ్. పూజ చెయ్యకుంట కొత్త పనిముట్టు మీద కాలెట్ల వెడ్త?" అన్నాడు.

మళ్లీ దసరా వచ్చేసరికి సాహుకారు మగ్గాలన్నిటికీ ఆ కీలుంది. రాజయ్యను ఎవరూ అడగలేదు.

అప్పటినుంచి ఎవరు కొత్త వస్తువు పట్టుకొచ్చినా, అదెలా నడుస్తుందో తర్వాత చెప్పు, ముందు దీన్ని ఎవరెవరు చూశారో చెప్పమనేవాణ్ణి. దసరా వెళ్లాక వచ్చినవాళ్లనైతే రెండుసార్లు అడిగేవాణ్ణి.