తెల్లగా కనబడిన ఎర్రకాయలు

కెమెరాలో బొమ్మను పట్టే చిప్పు మీద కంటికి ఆననంత చిన్న రంగు గళ్ళు ఉంటాయి. మామూలుగా ప్రతి నాలుగింటిలో రెండు ఆకుపచ్చ, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. వాటిని ఏ వరసలో పేర్చాలో తేల్చడమే నా ఉద్యోగం. కోవిల్‌పట్టిలో మా ఇంటి ముందుగదిలో కూర్చుని రెండేళ్ళు ఒకే వరస మీద పనిచేశాను. ఒక పచ్చ గడి తీసేసి రంగులేని గడి పెట్టాను. వెలుతురు ఎక్కువ పడుతుంది, ఆ కెమెరాతో మంచీచెడూ కాయలు ఏరే యంత్రం ఇంకా వేగంగా పనిచేస్తుందని నా నమ్మకం.

ఆ చిప్పును విరుదునగర్‌లో ఒక ఎండుమిరపకాయల గోదాములో పరీక్షకు పెట్టారు. తెల్లబారిన తాలుకాయల్ని కెమెరా గుర్తుపడితే, యంత్రం గాలి ఊది వాటిని పక్కకు నెట్టాలి. మూడు వారాలు రోజూ బస్సులో వెళ్ళివచ్చాను. దగ్గు, కళ్ళమంట. యంత్రమేమో మంచి కాయల్నే తాలులోకి ఊదేస్తోంది. సాయంత్రం ఏదో ఒకటి మార్చేదాన్ని. పొద్దున మళ్ళీ అదే తప్పు. గోదాము యజమాని తిట్టేవాడు కాదు, మజ్జిగ తెప్పించి వెళ్ళిపోయేవాడు. అది ఇంకా కష్టంగా ఉండేది.

అక్కడ చేత్తో కాయలు ఏరే పెద్దావిడ ఒకామె విళాత్తికుళం వైపు నుంచి వచ్చేది. అందరితోనూ తమిళమే మాట్లాడేది. ఒకరోజు నేను ఫోనులో అమ్మతో తెలుగులో మాట్లాడటం విని దగ్గరికొచ్చింది.

"నువ్వూ మన మాటేనా పాపా? ఇన్నినాళ్ళు తెలీలేదే. దినమూ ఏమి సూస్తా ఉండావు?"

యంత్రం నెట్టేసిన కాయలు చూపించాను. "ఇవి మంచివే కదా పెద్దమ్మా. దీనికి తెల్లగా కనబడతా ఉండాయి."

ఆమె ఒక కాయ తీసుకుని యంత్రం దీపం కింద అటూఇటూ తిప్పింది. "మెరస్తా ఉండాది సూడు. ఈ దీపం వెళిచ్చంలో నాకూ తెల్లగానే ఉండాది. మేము తట్టను నీడకి లాక్కొని కదా ఏరేది."

మర్నాడు దీపాలకు పల్చటి తెల్ల ప్లాస్టిక్ రేకు అడ్డం కట్టించాను. కాయల మీద మెరుపు పోయింది, తప్పులు దాదాపు ఆగిపోయాయి. కానీ ఇంకొక పరీక్ష మిగిలింది. చేయకుండా ఉండలేకపోయాను. నా చిప్పు తీసి మామూలు వరస చిప్పు పెట్టాను. అదీ అంతే బాగా ఏరింది. రెండేళ్ళ పని అక్కర్లేదని తేలిపోయింది.

ఆ సంగతి నివేదికలో నేనే రాశాను. పైఅధికారి ఫోను చేసి, "రాయకపోయినా నిన్నెవరూ అడిగేవాళ్ళు కాదు" అన్నాడు.

"తెలుసు సార్" అన్నాను.

చివరిరోజు పెద్దావిడకు, ఆమె చెప్పిన మాటతోనే యంత్రం బాగుపడిందని చెప్పాను. ఆమె యంత్రం వైపు చూసింది.

"అట్టయితే మమ్మల్ని పనిలోంచి నిలిపేస్తారా పాపా?"

"తెలీదు పెద్దమ్మా."

తలూపి మళ్ళీ తట్ట దగ్గరికి వెళ్ళిపోయింది. నెల తర్వాత యజమానికి ఫోను చేసినప్పుడు ఆమె గురించి అడిగాను. ఇప్పుడు వారానికి మూడురోజులే రమ్మంటున్నామన్నాడు. నా వరసను కంపెనీ పక్కన పెట్టేసింది. నన్ను ఫోను తెరల మీద రంగు చుక్కలు పేర్చే పనిలో వేశారు. మధ్యాహ్నానికే కళ్ళు లాగేస్తున్నాయి.