టోస్టర్ మీద ఎవరి పేరు

బ్రెడ్డు నాకు పడదని రోషం కొద్దీ ఒక అబద్ధం చెప్పాను. ఆ పుణ్యాన ఇరవై రోజుల పాటు పొద్దున్నే బిస్కెట్లు తిని ఆఫీసు బస్సెక్కాను.

ఆ మాట చెప్పింది నా రూమ్మేట్‌కి. నిజాంపేటలో రెండు పడగ్గదుల ఫ్లాటు కిరాయికి తీసుకుని తొమ్మిదేళ్ళు కలిసి ఉన్నాం. తనది కరీంనగర్ వైపు, నాది గోదావరి వైపు. ముప్పై దాటిన ఆడవాళ్ళు రూమ్మేట్లేంటని ఫ్లాటు ఓనర్లకు మొదట్లో అనుమానం. తర్వాత వాళ్ళే అలవాటు పడ్డారు. నేను గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను, అంటే ఒకరు చేసిన పనిలో తప్పులు పట్టడం. ఆ పని ఇంట్లో కూడా జీతం లేకుండా చేస్తావని తను దెప్పేది. నిజమే. తను ఉల్లిపాయలు తరిగితే ముక్కలు సమానంగా లేవనేదాన్ని. వాటినే బ్రెడ్డు మధ్య పెట్టి, తన కరెంటు టోస్టర్‌లో నాలుగు ముక్కలూ ఒకేసారి సర్ది, పచ్చ దీపం వెలిగేదాకా ఇద్దరం పక్కపక్కన నిలబడేవాళ్ళం. నిలబడే తినేవాళ్ళం. ఆ పది నిమిషాల్లో చెప్పుకోని సంగతి లేదు.

నలభై మూడేళ్ళకు తను పెళ్ళి చేసుకుంది. ఆయన తన ఆఫీసులోనే పనిచేస్తాడు, కోకాపేటలో పెద్ద టవర్లో ఇల్లు. రిజిస్ట్రారు ఆఫీసులో సాక్షి సంతకం పెట్టింది నేనే. మనస్ఫూర్తిగానే పెట్టాను, అందులో అబద్ధం లేదు.

సామాను సర్దడానికి వాళ్ళ అక్క వచ్చింది. మంచి మనిషి, చెయ్యి చురుకు. వంటింట్లో కింద కూర్చుని ప్రతి గిన్నెనూ బోర్లించి చూడసాగింది. మన దగ్గర స్టీలు సామాను మీద పేరు కొట్టిస్తారు కదా, ఆ పేరు చదివి ఒక పక్కన పెడుతోంది. కూతురికి ఇవాళ కాకపోతే రేపైనా పెళ్ళవుతుందని వాళ్ళమ్మ ఏటా ఒకటో రెండో కొని, కూతురి పేరే కొట్టించి దాచిందట. పెళ్ళి ఆలస్యమైనా సామాను మాత్రం మా వంటింటికి వచ్చేసింది. మా అమ్మ లెక్క వేరు, ముందు సంబంధం కుదరనీ, అప్పుడు కొందాం అనేది. సంబంధం కుదరలేదు, సామానూ కొనలేదు. అన్నం వండిన గిన్నె, పప్పు గుత్తి, నేను నీళ్ళు తాగే గ్లాసు కూడా తనవే. తొమ్మిదేళ్ళలో నేనెప్పుడూ ఆ గ్లాసు బోర్లించి చూడలేదు.

చివరికి ఒక నాన్‌స్టిక్ పెనం మిగిలింది. వాళ్ళక్క దాన్ని అటూ ఇటూ తిప్పి నా చేతికిచ్చింది.

"దీని మీద పేరు లేదు చెల్లె, గిది నీదే గావచ్చు."

పాపం ఆమె తప్పేం లేదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. సరిగ్గా అప్పుడే నా రూమ్మేట్ టోస్టర్ తీసుకొచ్చి, ఇది నువ్వే ఉంచుకో, నీకు పొద్దున్నే కావాలి కదా అంది. అక్కర్లేదు, అసలు నాకు బ్రెడ్డు పడదు అన్నాను. తను నా మొహంలోకి చూసింది. తొమ్మిదేళ్ళ పాటు రోజూ నాతో కలిసి తిన్న మనిషి. వైరు చుట్టి డబ్బాలో పెట్టేసింది.

తర్వాతి ఇరవై రోజులు నా పొద్దుటి పూటలు ఎంత పొడుగ్గా ఉన్నాయో చెప్పలేను. బస్సు ఏడున్నరకి. ఆరున్నరకల్లా నా పనులు అయిపోయేవి. ఒంటరితనమంటే ఏదో పెద్ద బాధ అనుకునేదాన్ని, చేతిలో గంట మిగిలిపోవడమని తెలియదు. అందుకే టోస్టర్ కొనాలనుకున్నప్పుడు కరెంటుది వద్దనుకున్నాను. గ్యాస్ మీద పెట్టేదైతే దగ్గరే నిలబడాలి, అటోసారి ఇటోసారి తిప్పాలి, వాసన బట్టి దించాలి. కాస్త పొద్దు పోతుంది.

మామూలు మనుషులైతే అర నిమిషంలో కొంటారు. నేను రెండు వారాలు ఫోన్లో జనం రాసినవి చదివాను. పిడి కాలిందని ఒకావిడ, మడతబందు వదులైందని ఒకాయన, బ్రెడ్డు పట్టడం లేదని నలుగురైదుగురు. ఈ కాలపు బ్రెడ్డు పెద్దదైపోయింది, టోస్టర్లేమో పాత కొలతలోనే ఉన్నాయి. అందుకని శనివారం నిజాంపేట రోడ్డులోని స్టీలు సామాను కొట్టుకి బ్రెడ్డు ముక్కలు డబ్బాలో పెట్టుకుని మరీ వెళ్ళాను.

కొట్టాయన కళ్ళద్దాలు పైకి తోసుకుని నా డబ్బా వంక చూశాడు. ఎన్నో ఏళ్ళుగా వ్యాపారం చేస్తున్నాడట, బ్రెడ్డు తెచ్చుకున్న గిరాకీ నేనే మొదలట. అయినా విసుక్కోలేదు. ఒకటి బ్రెడ్డుని అంచుల దగ్గర నలిపేసింది. ఇంకోదాని కొక్కెం పడటానికి పహిల్వాన్ కావాలి. మూడోది బాగుంది. బరువైన అల్యూమినియం, చెయ్యి కాలని నల్లటి పిడులు, కొక్కెం టక్కున పడింది. దాంట్లోనే ఒకరికి సరిపడేది, ఇద్దరికి సరిపడేది అని రెండు రకాలున్నాయి. ఆయన నా డబ్బాలోకి తొంగి చూసి, నాలుగు ముక్కలున్నయి, ఇంట్ల ఇద్దరా మేడమ్ అని అడిగాడు. ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు నాలుగు ముక్కలు ఎందుకు పెట్టుకున్నానో నాకే తెలియదు. చెయ్యి అలవాటు.

ఇద్దరమే అన్నాను.

పెద్దది తీశాడు. పేరు కొట్టాలా అన్నాడు, వాళ్ళ కొట్లో కొన్న దేనికైనా ఊరికే కొడతారట. ఒప్పుకున్నాను. ఆయనే మిషన్ చేతిలోకి తీసుకుని, టోస్టర్‌ని ఒళ్ళో పెట్టుకుని, ఏం పేరు అన్నాడు. నా నోట్లోంచి తన పేరు వచ్చింది. వంటింటి సామానంటే ఆ పేరే ఉంటుందని ఎక్కడో మనసులో పడిపోయినట్టుంది. మిషన్ గీమని మొదటి అక్షరం కొట్టింది. నేను చెప్పింది నా పేరు కాదని అప్పుడే నాకు తెలిసింది. ఆపమనొచ్చు, ఒక్క అక్షరమే కదా, ఆ అక్షరంతో మొదలయ్యే పేరు ఏదో ఒకటి చెప్పి సర్దుకోవచ్చు. ఆపలేదు. నాలుగక్షరాలూ పూర్తయ్యేదాకా చూస్తూ నిలబడ్డాను. పోట్లాడే పనీ, కోప్పడే పనీ లేకుండా ఎవరో పక్కనున్నట్టు అనిపించింది.

ఆదివారం పొద్దున పది గంటలకు తనకి ఫోన్ చేశాను. నీ సామాను ఒకటి ఇక్కడ ఉండిపోయింది, వచ్చి తీసుకుపో అన్నాను. అక్క అన్నీ చూసిందే, ఏంటది అంది. టోస్టర్ అన్నాను. టోస్టర్ తన దగ్గరే ఉందంది. ఇది వేరేది, దీని మీద నీ పేరుంది అన్నాను.



"నా పేరెందుకుంటదే దాని మీద?"

రోజంతా ఇలాంటి ప్రశ్నలు ఇతరులను అడిగి బతికేదాన్ని. ఇప్పుడు అడిగించుకోవడం నా వంతైంది.

"నేనే కొట్టించాను. తీసుకుపోకపోయినా పర్లేదు, ఊరికే రా. ఒక్కదాన్నే తినలేకపోతున్నాను."

తొమ్మిదేళ్ళలో ఇలాంటి మాట నా నోటి వెంట రావడం అదే మొదటిసారి. తనకీ ఆ సంగతి తెలుసు. గొంతు తగ్గించింది.

"ఇయ్యాల ఆదివారం గదా, ఏమన్న పని పెట్టుకున్నడో ఏమో. ఈయన్ని అడిగి చెప్తనే."

సరే, అడిగి చెప్పు అన్నాను. ఉద్యోగం మానేసి ఆర్నెల్లు ఖాళీగా కూర్చున్నప్పుడు తను ఎవరినీ అడగలేదు. జుట్టు భుజాల దాకా కత్తిరించుకున్నప్పుడు అడగలేదు. పెళ్ళి సంగతి కూడా నన్ను అడగలేదు, చెప్పింది. అలాంటి మనిషి.

ఆ తర్వాత నాలుగు ఆదివారాలు పోయాయి. ఇంకా అడుగుతూనే ఉన్నట్టుంది.