రేకు మడతల మీద స్వామి పేరు

పోయిన వారం మా చిన్నకోడలు వంటింటి గోడకు అతికించడానికి పాలరాయిలా మెరిసే స్టిక్కరు కాగితం తెచ్చింది. మాది పాత గోడ, ఎత్తుపల్లాలు ఎక్కువ. పై అంచు నుంచి అతికిస్తూ వస్తే కిందికి వచ్చేసరికి అక్కడక్కడా పూరీల్లా పొంగింది. నడిమి నుంచి అంచులకు తొయ్యమని చెప్పాను. చెప్పాక, ఆ పని నేను ఎవరి చేతుల్లో చూశానో గుర్తొచ్చింది.

మా పుట్టిల్లు కర్ణాటకలో, ఆంధ్ర సరిహద్దు దగ్గరి బాగేపల్లి. నేను బడికి పోలేదు, మా నాయన ఇంట్లోనే పలక మీద తెలుగు దిద్దించాడు. పెళ్ళయి చింతామణికి వచ్చాక కన్నడం చదవడం నేర్చుకున్నది మాత్రం మా ఆయన అక్షరాల్లో. ఆయన ప్రైవేటు బస్సుల మీద పేర్లు రాసేవారు. ఆ రోజుల్లో మా వైపు బస్సులెక్కిన వాళ్ళు మీలో ఉంటే, కిటికీల కింద ఎర్రరంగులో, పసుపు నీడతో ఉండే ఆ పేర్లు చూసే ఉంటారు. ఆయన రాసిన ‘శ్రీ’ తోక కొంచెం ఎక్కువగా పైకి లేచి, వెనక్కి తిరిగి చూస్తున్నట్టు ఉండేది. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, పిల్లలింకా చిన్న తరగతుల్లో ఉండగా, ఆయనకు పక్షవాతం వచ్చింది. స్వామి దయ వల్ల మాట పోలేదు, కాలు తిరిగి స్వాధీనమైంది. కుడిచేతికి వణుకు మాత్రం మిగిలిపోయింది. కుంచెలన్నీ కిరసనాయిల్లో కడిగి, గుడ్డలో చుట్టి అటకెక్కించేశారు.

అలాంటప్పుడు చిక్కబళ్ళాపురం నుంచి ఆయనకు పాత పరిచయమున్న బస్సు యజమాని ఒకాయన వచ్చారు. తన మొదటి బస్సుకు బెంగళూరులో మూరెడు పొడవు నమూనా బొమ్మ చేయించి తెచ్చారు. పక్కల రేకు మడతలు, రివిట్లు అన్నీ అచ్చం అసలు బస్సుకున్నట్టే. దాని మీద ఉండాల్సిన స్వామి పేరు మాత్రం విడిగా అచ్చు వేయించారు. డెకాల్ అంటారట, నీళ్ళలో నానబెడితే కాగితం మీద నుంచి జారివచ్చే ఉల్లిపొర లాంటి అక్షరాలు. రెండు పక్కలకు రెండు, పాడైతే వాడుకోవడానికి ఇంకొకటి.

“ఏమప్పా, జనం మా డ్రైవరు మొగం చూసి బస్సెక్కుతాండారు అనుకుంటివా? నీ అక్షరం చూసి! ఇది గూడా నీ చేత్తోనే పెట్టల్ల. ఆయుధపూజకి ఆఫీసులో పెడతా” అన్నారాయన, వణికే చేతి వైపు చూడకుండా.

ఆయన వెళ్ళాక మావారు నాతో ఒకే మాట అన్నారు. “ఇది గూడా కాకపోతే ఈ చెయ్యి ఇంక అన్నం తినేదానికే.”

బస్సుల మీద రాసేవాళ్ళకు ఒక కట్టుబాటు ఉండేది. ‘శ్రీ ఆంజనేయస్వామి ప్రసన్న’ అని రాయాలంటే శ్రీకారంతో మొదలుపెట్టి చివరిదాకా వరసగా రావాల్సిందే; దేవుడి పేరు నడుమ నుంచి మొదలుపెట్టడం అపచారం. మావారు డెకాల్‌నూ అలాగే ‘శ్రీ’ దగ్గర నుంచి నొక్కుకుంటూ వచ్చారు. మడత మడతకూ గాలి ముందుకు జరిగి, చివరి అక్షరాల కింద చేరి ఉబ్బింది. గుడ్డతో అదమబోతే ‘ప్రసన్న’ రెండుగా చిరిగింది. ఇక మిగిలినవి రెండే. నడిమి నుంచి నొక్కితే గాలి రెండు వైపులా పోతుందని ఆయనకు అర్థమైంది, చెయ్యడానికి మాత్రం మనసు ఒప్పలేదు. పొద్దంతా బొమ్మ ముందు అలాగే కూర్చున్నారు.

చివరికి మా అత్త, బియ్యం చెరుగుతూనే అంది: “ఏమప్పా, నోట్లో శ్రీకారం నుంచి పలుకు, చెయ్యి యాడ మొదలుపెడితే ఏమి? స్వామికి ముందూ ఎనకా ఉండాదా?”

ఆయన స్వామి పేరు మొదటి నుంచి పైకి పలుకుతూ నడిమక్షరం మీద తడిగుడ్డ ఆనించారు. వణికే చేతికి ఎడమచేతిని ఊతగా పెట్టుకుని, అటు కొంత, ఇటు కొంత. తర్వాత బస్సు యజమాని సీసాలో ఇచ్చి వెళ్ళిన, అక్షరాలను మెత్తబరిచే మందునీళ్ళు దూదితో తాకించేసరికి పొరంతా ముసలి చర్మంలా ముడతలు పడింది. పోయింది, ఇదీ పోయింది అని ఆయన సవరించబోతే అత్త “తాకొద్దప్పా, సీసా ఇచ్చినప్పుడు ఆయప్ప చెప్పలా, ఆరేదాకా చెయ్యి పెట్టొద్దని?” అని గట్టిగా అరిచింది. అప్పటిదాకా స్వామిని ఏమీ కోరని నేను, దేవుడి గూటి ముందు కూర్చుని ఆ ముడతలు పోవాలని కోరుకున్నాను. అవి నెమ్మదిగా కిందికి దిగాయి. ప్రతి మడతలోకీ, ప్రతి రివిట్ చుట్టూ అక్షరం ఒదిగిపోయి, రంగుతో రాసినట్టే అయింది. రెండో పక్క కూడా అలాగే కుదిరింది.

ఆయుధపూజ నాడు చిక్కబళ్ళాపురం ఆఫీసులో అందరూ వంగి చూసి మెచ్చుకున్నారు. నా గుండె నిండిపోయింది. మావారు మాత్రం నవ్వలేదు. తిరుగు ప్రయాణంలో, “చెయ్యి నాదే. అక్షరం నాది కాదు” అన్నారు. కుంచెలు అటక దిగలేదు. ఆ చేతితోనే ఆ తర్వాత పిల్లల పుస్తకాలకు అట్టలు వేశారు, నేను మాల కడుతుంటే పూలు అందించారు. అందుకు స్వామికి రోజూ దణ్ణం పెట్టుకున్నాను, ఆయన పోయాక కూడా పెట్టుకుంటున్నాను.

ఇప్పుడు బస్సుల మీద పేర్లన్నీ అచ్చులో దిగినవే, వంక పెట్టడానికి లేదు. మునుపు బస్టాండులో దూరం నుంచి ‘శ్రీ’ తోక చూస్తే చాలు, అది మా ఇంటి మనిషి రాసిందో కాదో తెలిసిపోయేది. ఇప్పుడు దగ్గరికి వెళ్ళి చదివినా, ఏది ఎవరి చేతిదో నాకు తెలియడం లేదు.