మా ఇంట్లో పోయిన శివరాత్రి

కందగడ్డలు, అదే చిలగడదుంపలు, ఉడికే వాసన వస్తే నాకు ఇప్పటికీ అడుగు ఆగిపోతుంది. శివరాత్రి నాడు నిజామాబాద్‌లో మా గల్లీలో ఏ గుమ్మం ముందు నుంచి నడిచినా అదే వాసన. నా ఇంట్లోనూ ఉడకబెడతాను. సాయంత్రం దీపం పెట్టి, దేవుడి ముందు ఉంచి, ఒక్కపొద్దు విడిచే వాళ్లందరికీ పంచుతాను. నేను మాత్రం ముట్టను. మా ఆయన మొదట్లో ఎందుకని అడిగేవాడు. పడదని చెప్పాను. అబద్ధమేమీ కాదు.

మా పుట్టిల్లు బోధన్ దగ్గర ఒక ఊళ్లో. కాలువ కింద కొంత వరి, మెరక మీద కొంత చెరకు, పసుపు. అమ్మను మేం అవ్వ అంటాం, నాన్నను బాపు అంటాం. నాకు ఒక్కడే తమ్ముడు. మా ఇంట్లో దసరా బాపుది, బతుకమ్మ నాది, వినాయక చవితి మైకులతో సహా తమ్ముడిది. శివరాత్రి మాత్రం అవ్వది. ఆ రోజు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా ఇల్లంతా తిరిగేది. పొద్దుమూకినాక దీపం పెట్టి, గుడికి పోయి వచ్చి, రెండు గడ్డ ముక్కలు నోట్లో వేసుకొని జాగారానికి కూర్చునేది.

"ఎందుకే అవ్వా రాత్రంతా ఈ తిప్పలు?" అని చిన్నప్పుడు అడిగాను.

"ఆయన విషం మింగిండు బిడ్డా. విషం మింగినోడు కన్ను మూస్తె మళ్ల లేస్తడా? పక్కన మనిషి మేలుకోని ఉంటే ఆయన గూడ మేలుకోని ఉంటడు. గందుకే గీ రాత్రి ఎవ్వలు పండుకోవద్దు," అంది.

గుడిలో పూజారి చెప్పే కథ వేరే. అందులో లింగం పుట్టడం, మొదలూ చివరా తెలియని వెలుగు, దాన్ని కొలవబోయి ఓడిపోయిన దేవుళ్లు ఉండేవారు. అవ్వ కథలో జబ్బు మనిషి మంచం పక్కన కూర్చున్న వాళ్లే ఉండేవాళ్లు. నాకు అవ్వ కథే నిజమనిపించేది. అయితే అంత కథ చెప్పిన మనిషికీ తెల్లవారుజాము దాకా కన్ను నిలిచేది కాదు. సరిగ్గా కోడి కూసే ముందు తల వాలిపోయేది. తమ్ముడు ఆ క్షణం కోసమే కాచుకొని ఉండేవాడు. గడ్డ తొక్క తెచ్చి ఆమె ముక్కు కింద పెట్టి, "లెవ్వే అవ్వా, నువ్వు పండుకుంటివి. ఇంక దేవుని గతి ఏంది?" అనేవాడు. ఆమె లేచి వాణ్ని ఒక్కటి వేసేది. అది కూడా పూజలో ఒక భాగమే అన్నట్టు ఏటా జరిగేది.

ఆ ఏడు ఊళ్లో గడ్డలు దొరకలేదు. ఎక్కడో పెళ్లికెళ్లినట్టు అన్నీ ఒక్కసారే మాయమయ్యాయి. అవ్వ మధ్యాహ్నం తమ్ముణ్ని బండి మీద బోధన్‌కు పంపింది. "పొద్దుమూకకముందే రా," అని వెనక నుంచి అరిచింది. వాడు అంగట్లో తెలిసినవాడెవడో కనిపిస్తే ఆగాడట. మహారాష్ట్ర నుంచి వచ్చిన గడ్డల వాళ్లతో మరాఠీలో బేరమాడి, అందరినీ నవ్వించాడట. వచ్చేటప్పటికి చీకటి పడింది. రోడ్డు పక్కన చెరకు లోడుతో ఒక ట్రాలీ ఆగి ఉంది. దాని వెనక లైటు లేదు.

నేను అప్పటికే పెళ్లై నిజామాబాద్‌లో ఉన్నాను కాబట్టి, వాణ్ని తెచ్చిన ఆస్పత్రికి అందరికంటే ముందు చేరాను. తర్వాత అవ్వ, బాపు వచ్చారు. వాణ్ని మోసుకొచ్చిన వాళ్లలో ఎవరో మంచివాడు, బండి హ్యాండిల్‌కు తగిలించిన గడ్డల సంచి కూడా తెచ్చాడు. తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. ఆయన మీద నాకు ఈరోజుకీ కోపమే. ఆ సంచి రోడ్డు మీద పారేసి ఉంటే ఏం పోయేది?

అవ్వ సంచి ఒళ్లో పెట్టుకొని వరండాలో నేల మీద కూర్చుంది. పొద్దున్నుంచి ఉపవాసం. ఊరు ఊరంతా గుళ్లలో మేలుకొని ఉన్న రాత్రి. ఎక్కడి నుంచో మైకులో భజన వినిపిస్తూనే ఉంది. అవ్వ మా ఇద్దరినీ దగ్గరికి పిలిచి, "ఎవ్వలు కన్ను మూయకుండ్రి. మనం మేలుకోని ఉంటే వాడు గూడ ఉంటడు," అంది. బాపుకు కునుకు వస్తే చేయి గిల్లింది. నన్నూ గిల్లింది. కోడి కూసే ముందు, ఎప్పటిలాగే, ఆమె తలే నా భుజం మీద వాలింది. డాక్టరు లోపలి నుంచి వచ్చి, వాడు పోయాడని మాకు అప్పుడే చెప్పాడు.

డాక్టరు మొదటే ఆశ పెట్టుకోవద్దన్నాడని, మెలకువకూ దీనికీ సంబంధం లేదని అందరం ఆమెకు చెప్పాం. చిన్నపిల్లల మాటలు విన్నట్టు విన్నది. "జరంత కన్ను మూసిన," అని మాత్రం అంది.

దినాలు అయిపోయిన రోజు, మోస్రా నుంచి వచ్చిన మా మేనత్త, అంటే బాపు వాళ్ల అక్క, అవ్వను పక్కన కూర్చోబెట్టుకొని చెప్పింది. "ఈ ఇంట్ల శివరాత్రి పోయింది. ఇంక దీపం లేదు, ఒక్కపొద్దు లేదు, జాగారం లేదు. ఎప్పుడన్న గదే పండుగ నాడు ఇంట్ల పిల్లనో పిలగాడో పుట్టాలె. లేకుంటే కొట్టంల పశువన్న ఈనాలె. గప్పుడే పండుగ మళ్ల అస్తది."

పోయిందట! చెప్పుల జత పోయినట్టు, పర్సు పోయినట్టు. నాకు ఒళ్లు మండిపోయింది. "కొడుకు పోయింది చాలదా? పండుగ ఏం పాపం చేసింది అత్తా?" అని అందరి ముందు అరిచాను.

"నేను పెట్టిన రివాజా బిడ్డా? పెద్దోళ్లది," అని ఆమె ఏడ్చింది. నిజానికి ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ ఏడ్చింది ఆమే. కోస్తా రైతులు వచ్చి స్థిరపడ్డ పక్క క్యాంపు నుంచి పలకరించడానికి వచ్చిన ఆవిడ కూడా, "మా వైపూ ఇంతేనమ్మా. మా పుట్టింట్లో దీపావళి ఇలాగే ఆగిపోయింది," అంది. ఇక ఎవరితో పోట్లాడను?

మరుసటి శివరాత్రికి పుట్టింటికి వెళ్లాను. పండుగ పోయిన ఇంట్లో ఆ రోజు మామూలుగా వండుకొని తినాలి. ఉపవాసం ఉంటే పండుగ చేసినట్టే అవుతుంది. ఊళ్లో పొయ్యిలన్నీ చల్లగా ఉన్న పూట మా ఇంట్లో నుంచి పోపు వాసన వచ్చింది. నాకు సిగ్గేసింది. ఊహ తెలిసినప్పటి నుంచి ఆ రోజు ముద్ద ముట్టని అవ్వ, మేనత్త మాట మీద, కంచం ముందు కూర్చుని అన్నం కలుపుకుంది. ఒక్కో ముద్దకు ఒక్కో గుక్క నీళ్లు తాగి మింగింది. రాత్రి దీపం లేకుండా కొట్టంలో బర్రెల దగ్గర కూర్చుంది. జాగారమా అని అడిగితే, "కాదు, నిద్ర వస్తలేదు," అంది.

అప్పుడే నిర్ణయించుకున్నాను, అవ్వ పండుగ అవ్వకు తిరిగి తేవాలని. ఆ పండుగ వస్తే మనిషి కూడా కాస్త తిరిగి వస్తుందని నా ఆశ. తమ్ముడికి పెళ్లి కాలేదు. నా పిల్లలు వేరే ఇంటి పిల్లలు. ఇంక ఆ ఇంట్లో పుట్టడానికి ఎవరున్నారు? మిగిలింది కొట్టమే. శివరాత్రికి ఈనాలంటే బర్రె ఎప్పుడు సూడి కట్టాలో బాపు వెనక్కి లెక్క వేసి చూసుకునేవాడు. నేను రోజూ ఫోన్ చేసేదాన్ని. మా ఆయన నవ్వేవాడు. "మీ నాయిన మంచిగున్నడా అని అడగవు. బర్రె మంచిగున్నదా అని అడుగుతవు," అని.

బర్రెలు మన పంచాంగం చూస్తాయా? ఒక ఏడు ఊళ్లో పసుపు ఉడకబెట్టే రోజుల్లో, పండుగకు చాలా ముందే ఈనింది. ఇంకో ఏడు పండుగ దాటాక ఈనింది. ప్రతిసారీ అవ్వ జున్ను వండి ఇంటింటికీ పంపింది. ఒక్క మాట కూడా అనలేదు. ఆ మౌనం నిరాశే అనుకున్నాను నేను. కన్న కూతుర్ని, నాకే అర్థం కాలేదు.

తర్వాతి ఏడు సరిగ్గా పండుగ దగ్గరికి బర్రెకు నెలలు నిండాయి. మా అత్తగారు గొణుగుతున్నా వినకుండా, దీపం ఆమెకు అప్పజెప్పి బోధన్ బస్సెక్కాను. మేనత్తకు కూడా ఫోన్ చేసి చెప్పాను. పొద్దున్నే వస్తానని ఆమె ఎంతో ఆశగా అంది.

ఆ రాత్రి బాపు అన్నం తిని పడుకున్నాడు. అవ్వా నేనూ కొట్టంలో గడ్డి పరుచుకొని కూర్చున్నాం. గుడిలో మైకు మోగుతోంది. బర్రె లేవడం, పడుకోవడం, తోక ఎత్తడం మొదలుపెట్టింది. కోడి కూసే ముందు, అవ్వ ఏటా నిద్రలోకి జారే వేళ, ఈనింది. ఆ రాత్రి అవ్వ ఒక్క రెప్ప కూడా వాల్చలేదు. దుడ్డెను రెండు చేతులా పట్టి లాగింది, ముక్కులో జిగురు తీసింది, గోనెసంచితో ఒళ్లంతా తుడిచింది. ఆడ దుడ్డె. నుదుటి మీద తెల్ల మచ్చ. నాకు కళ్లలో నీళ్లు ఆగలేదు.

"అవ్వా, పండుగ అచ్చిందే! బాపును లేపుత," అని లేచాను.

అవ్వ తడి చేత్తో నా మణికట్టు పట్టుకుంది. "కూసో."

"ఏందే?"

"తెల్లారనియ్యి. పండుగ దాటి తెల్లారినంక ఈనిందని చెప్పు."

పిచ్చెక్కిందా అన్నాను. ఇన్నేళ్లూ దీనికోసమేగా మేమంతా చచ్చింది అన్నాను. నా గొంతు ఎంత పెరిగినా ఆమె గొంతు పెరగలేదు. దుడ్డె కాళ్లు తుడుస్తూనే మాట్లాడింది.

"మీరే ఎదురు చూసిండ్రు బిడ్డా, నేను అడగలే. ఏడాదికి గీ ఒక్క రాత్రి వాని గురించి ఇంటోళ్లందరు పండుగ ఇడిసిపెట్టి కూసుంటున్నరు. మీ అత్త గూడ తలుసుకుంటది. ఊరోళ్లు గూడ, ఆళ్లింట్ల పండుగ లేదు, పిలగాడు పోయిండు అంటరు. రేపటి సంది దీపం పెట్టుకుంటం, గడ్డలు ఉడకవెట్టుకోని తింటం. గప్పుడు వాడు ఏడికి పోవాలె?"

ఆమె పక్కన కూర్చుని ఏడ్చాను. ఆమె ఏడవలేదు. దుడ్డె లేచి, పడి, మళ్లీ లేచి, తల్లి పొదుగు వెతుక్కొని తాగింది. కడుపు నిండాక మా ఇద్దరి మధ్య పడుకుంది. మైకు ఆగిపోయింది. మెల్లగా తెల్లారింది.

బాపు లేచి కొట్టంలోకి వచ్చాడు. "ఇప్పుడే ఈనింది," అంది అవ్వ, ఆయన మొహం చూడకుండా. పుట్టినప్పటి నుంచి పశువుల మధ్య పెరిగిన మనిషి ఆయన. దుడ్డె ఒళ్లు పూర్తిగా ఆరిపోయి ఉంది. నాలుగు కాళ్ల మీద గట్టిగా నిలబడి ఉంది. ఆయన దుడ్డెను చూశాడు, అవ్వను చూశాడు, ఏడ్చి ఉబ్బిన నా కళ్లు చూశాడు. తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయాడు. ఇంకేముంది, అయిపోయిందనుకున్నాను.

కాసేపటికి బకెట్‌లో వెచ్చని నీళ్లు తెచ్చాడు. దుడ్డె వీపు మీద, మెడ మీద, కాళ్ల మీద చేత్తో కొద్దికొద్దిగా పోసి రుద్దాడు. అది చలికి వణికింది. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మేనత్త ఆటో దిగి నేరుగా కొట్టంలోకే వచ్చింది. దుడ్డె మీద చేయి వేసి చూసింది. "అయ్యో, ఇంక తడి గూడ ఆరలే! ఎప్పుడు ఈనింది?" అని నన్నే అడిగింది.

"తెల్లారినంకనే అత్తా," అన్నాను.

"ఎంత పని చేసెనమ్మా! జర ముందు ఈన్తే ఏం పోతుండె," అని నుదురు కొట్టుకుంది. "పోనియ్యి మరదలా, అచ్చే ఏడన్న సూద్దాం."

"సూద్దాం వదినె," అంది అవ్వ, జున్నుపాలు పిండడానికి చెంబు అందుకుంటూ.

ఆ దుడ్డె ఇప్పుడు పెద్దదయింది, సూడి కూడా కట్టింది. మొన్న శివరాత్రి సాయంత్రం ఇంట్లో దీపం పెట్టి, గడ్డలు పంచి, బాపుకు ఫోన్ చేశాను. అది ఎప్పుడు ఈనుతుందని అడిగాను.

"ఎండలు ముదిరినంక. శివరాత్రికి మాత్రం ఎన్నడు ఈనది. గది నేను సూసుకుంట," అన్నాడు బాపు.

తర్వాత అవ్వ ఫోన్ తీసుకుంది. అన్నం తిన్నావా అని అడిగాను. తిన్నానంది. దీపం పెట్టావా అని నన్ను అడిగింది. పెట్టానన్నాను. అటువైపు వాళ్ల ఊరి గుడిలో మైకు, ఇటువైపు మా గల్లీలో మైకు.

"పండుకోకు బిడ్డా," అంది. "నాకు కోడి కూసే యాళ్లకు కన్ను ఆగదు. నువ్వన్న మేలుకోని ఉండు."