గడ్డి కూరిన దూడ

పోయిన ఏడాది ఆదోనిలో నేను చదివిన కాలేజీవాళ్లు నా పరిశోధన గురించి చెప్పమని పిలిచారు. మద్దికెర దగ్గర కూలికి పోయే మా అమ్మ కూడా వచ్చి ముందు వరుసలో కూర్చుంది.

బాక్టీరియా పైపొరను మాత్రమే తీసుకుని, దాంతో కంటికి కనబడనంత చిన్న నానో సంచి చేసి, అందులో రోగనిరోధక శక్తిని లేపే క్యాన్సర్ మందు నింపుతామని చెబుతున్నాను. నిజమైన సూక్ష్మజీవే వచ్చిందనుకుని ఒంట్లోని రక్షణ కణాలు కణితి మీదికి ఎగబడతాయి. మా ప్రయోగాలింకా ఎలుకల మీదే. పిల్లలు ఆవలిస్తున్నారు.

అమ్మ లేచింది. "సచ్చిన దూడ తోల్లో గడ్డి కూరి బర్రె ముందర పెడ్తాం గదా పాపా, పాలు సేపుతాదని. అట్లనా?"

హాలంతా నవ్వింది. సిగ్గుతో తల దించుకున్నాను. అప్పుడు తట్టింది, నా స్లైడ్లన్నీ కలిసి అంత సూటిగా చెప్పలేదని. "అట్లనేమ్మా" అన్నాను మైకులోనే. ఆ తర్వాత ఎవరూ ఆవలించలేదు.

తిరిగొచ్చేటప్పుడు బస్సులో అమ్మ నిదానంగా అంది: "మన బర్రెను అట్ల మోసం సేసినందుకు నాకిప్పటికీ పాపమనిపిస్తాది. నీ మోసంతో ఒక్క ప్రాణం నిలబడినా నా పాపం తీరిపోతాది."

ల్యాబులో ప్రయోగం చెడిన ప్రతిసారీ నాకు ఆ బర్రె గుర్తొస్తుంది. మళ్లీ మొదలుపెడతాను.