కోహీర్ చేనుకు వెళ్లని నాగళ్లు

మూడేళ్లలో కంపెనీకి పదకొండు ఉత్తరాలు రాశాను. ఒక్కదానికీ జవాబు లేదు. అందినట్టు ముద్ర మాత్రం ప్రతి నకలు మీదా ఉంది. అన్నీ దాచాను.

మాది చిరాగ్‌పల్లి దగ్గర ట్రాక్టర్ నాగళ్లు చేసే ఫ్యాక్టరీ. నేను పరీక్ష విభాగంలో ఫిట్టర్‌ని. కొత్త నాగలి ఏది తయారైనా ముందు కోహీర్‌లో ఒక అల్లం రైతు చేనుకు వెళ్లేది. రోజంతా ఆయనే దున్ని, సాయంత్రం "నడుస్తది" అంటేనే అమ్మకానికి పంపేవాళ్లం. ఒక నాగలినైతే మూడుసార్లు తిప్పి పంపాడు. "కర్రు పైపైన గీకుతున్నది తమ్మీ. అల్లం ఏడ ఊరాలె, నీ నెత్తి మీదనా?" అన్నాడు.

తర్వాత కంపెనీకి ఒక్క సరుకు చాలదనిపించింది. ఇక్కడ పంపులు, బ్యాటరీ స్కూటర్లు మొదలుపెట్టారు. ఆఫ్రికాలో ఒక దేశంలో నాగళ్ల ఫ్యాక్టరీ పెట్టారు. అక్కడి ఇంజనీర్లు వస్తే కోహీర్ తీసుకెళ్లింది నేనే. రైతును అడిగి అడిగి అన్నీ రాసుకున్నారు. ఇప్పుడు వాళ్లూ ప్రతి నాగలినీ ముందు రైతు చేతికే ఇస్తున్నారు. అక్కడ మా నాగలికి మంచి గిరాకీ. ఇక్కడేమో మూడేళ్ల కిందట స్కూటర్లు పెట్టడానికి మా పరీక్షల షెడ్డు తీసుకుని, చేనుకు పంపడమే ఆపేశారు. ఎందుకు ఆపారని అడుగుతూనే ఆ ఉత్తరాలన్నీ. ఆ ఏడాదే కర్రులు వంగి నాగళ్లు వాపసు రాసాగాయి. పంపులూ, స్కూటర్లూ అమ్ముడుపోలేదు.

హైదరాబాద్ నుంచి పెద్ద మేనేజర్ వచ్చి మీటింగు పెట్టాడు. మూడు సరుకులు, రెండు దేశాలు ఉంటే ఒకచోట దెబ్బతిన్నా ఇంకోచోట నిలబడతామన్నాడు. నేను లేచాను.

"సార్, ఆడ ఒక్కటే సరుకు, నడుస్తున్నది. ఈడ మూడున్నయి, ఒక్కటీ నడుస్తలేదు. ఎందుకో జర చెప్పున్రి."

"చాయ్ చల్లారిపోతోంది పెద్దాయనా, కూర్చోండి" అన్నాడు. అందరూ నవ్వారు. ఆ రోజు నుంచి ఫ్యాక్టరీ చాయ్ నేను ముట్టలేదు.

మొన్న నోటీసు అంటించారు: నాగళ్ల విభాగం మూసేస్తున్నారట, ఇక్కడి రైతులకు మా నాగలి నచ్చడం లేదట. అది చదివి నేరుగా కోహీర్ వెళ్లాను.

"నన్నెవరడిగిన్రు తమ్మీ?" అన్నాడు రైతు. "మూడేండ్లాయె, ఒక్క నాగలి నా చేన్ల దిగలె. నచ్చలేదని నేనెప్పుడన్న?"

రేపు హైదరాబాద్ వెళ్లి పన్నెండో ఉత్తరం పెద్ద మేనేజర్ చేతికే ఇస్తాను. అందులో రాసింది ఇది: పంపులు చేసుకోండి, స్కూటర్లు చేసుకోండి, ఇంకో పది దేశాలకు వెళ్లండి, నేను అడ్డం రాను. కానీ విభాగానికి తాళం వేసేముందు ఒక్క నాగలిని కోహీర్ పంపండి. మన దగ్గర నేర్చుకున్న పద్ధతి ఆ దేశంలో నడుస్తుంటే, ఇక్కడ దాన్ని ఎవరు ఆపారు, ఎందుకు ఆపారు? ఈసారి చాయ్ సంగతి ఎత్తకుండా జవాబు చెప్పండి. నిలబడే వింటాను.