డౌటు మావ చెయ్యి

మొన్న నరసన్నపేటలో బస్సు కోసం నిలబడి ఉంటే రోడ్డుకి అవతల ఒక ట్యూషను సెంటరు బోర్డు కనబడింది. "ఇచ్చట అన్ని సబ్జెక్టుల డౌట్లు తీర్చబడును" అని రాసుంది. ఒక్కణ్ణే పైకి నవ్వేశాను. పక్కన నిలబడ్డ ఒకావిడ నన్ను ఎగాదిగా చూసి, చేతిలో సంచీని అటు చంకకి మార్చుకుని రెండడుగులు దూరం జరిగింది. ఆమెను తప్పు పట్టను. మా మావ ఉంటే శభాష్ అనేవాడు. ఆ బోర్డు చూస్తే మాత్రం ఆయన నేరుగా లోపలికి వెళ్లి, ఇన్ని డౌట్లు తీర్చే మీరెవరు, ఎక్కడ చదివారు అని ముందు వాళ్ళనే నిలదీసి ఉండేవాడు.

మావ అంటే మా అమ్మకు అన్నగారు. శ్రీముఖలింగానికి దగ్గర్లో, వంశధార పక్కన ఒక ఊళ్ళో వరి పండించేవాడు. అయిదో తరగతితో చదువు చాలించిన ఆ మనిషికి వచ్చిన ఇంగ్లీషు ముక్క ఒకే ఒక్కటి, డౌటు. ఎక్కడ అంటించుకున్నాడో గానీ దాంతోనే ప్రపంచమంతా నెట్టుకొచ్చాడు. మా బడిలో డౌటు అంటే ముందు బెంచీ వాళ్ళకి మాత్రమే వచ్చేది. మేష్టారు బెత్తం ఊపుతూ "డౌట్లున్నాయా" అంటే మిగతా వాళ్ళకి ఉన్నవి కూడా పోయేవి. మావకి అలా కాదు. బస్సు డౌటంటే ఇక రాదని, నడవమని. చేప డౌటంటే బుట్ట దింపనవసరం లేదని. ఫలానావాడు డౌటంటే వాడికి అరుగు మీద వరకే మర్యాద. పక్కింటి కోడలికి "డౌటంట" అని మా అత్త గుసగుసలాడితే అది శుభవార్త. అదే మాట మావ ఏ మంచాన పడ్డ ముసలాయన గురించో అంటే మాత్రం, పట్నంలో ఉన్న కొడుకులకి కబురు వెళ్ళిపోయేది. మా చెల్లెలి పెళ్ళిలో ఫొటోలవాడి మీద డౌటొచ్చి, కెమెరాలో రీలు ఉందో లేదో తీసి చూపించమని పట్టుబట్టాడు. వాడు పాపం తీసి చూపించాడు. అందుకే మా చెల్లెలి పెళ్ళికి ఫొటోలు లేవు.

ఊరందరినీ అనుమానించే ఈ మనిషి విషయంలో ఊరికి ఒక్కదానిలో మాత్రం అనుమానం లేదు. ఆయన చెయ్యి మంచిదని. ఏటా తొలకరి పడ్డాక నారు పోసే ఆకుమడిలో మొదటి గుప్పెడు గింజ మావ చేత్తోనే పడాలి. ఆయన చల్లనిదే ఎవరూ విత్తనం నానబెట్టరు. ఆ రోజు ఉతికిన పంచె కట్టుకుని, గట్టు మీద ఎవరితోనూ మాట్లాడకుండా తూర్పుకి తిరిగి చల్లేవాడు. ఏడాది పొడుగునా డౌటు మావ అని వెనకాల నవ్వేవాళ్ళంతా ఆ పూట చేతులు కట్టుకుని నిలబడేవారు. ఆయన ముఖం చూడాలి అప్పుడు, వెలిగిపోయేది.

పాతికేళ్ళ కిందట వ్యవసాయ శాఖలో చిన్న ఉద్యోగం దొరికి, అదృష్టం కొద్దీ ఆ ఊరే నాకు పడింది. మావ ఇంట్లోనే మకాం. ఆ ఏడు కొత్త రకం విత్తనం తెప్పించి, ఊరి బడి వరండాలో బస్తాలు పేర్పించి, దీనికి నాదీ పూచీ అని అందరి ముందూ ఛాతీ విరుచుకుని చెప్పాను. పంచే ముందు మొలక కట్టి చూడడం నా పని. బస్తాల మీద ముద్రలు చూసి అక్కర్లేదనుకున్నాను. మావ అయిదారు బస్తాల్లోంచి తలా కాసిన్ని గింజలు తీసి, వంద లెక్కపెట్టి, తడిగుడ్డలో చుట్టి పెరట్లో కుండ కింద పెట్టాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. నరసన్నపేటలో ఆయనకి ఎప్పటినుంచో తెలిసిన విత్తనాల వ్యాపారి ఒకడున్నాడు. వాడి దగ్గర కాకుండా మేనల్లుడి ద్వారా విత్తనం వస్తోందని ఈయనకి కడుపుమంటేమో అని నేను డౌటు పడ్డాను. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. అత్త వడ్డిస్తే తల దించుకుని తిని లేచిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మూడో రోజు పొద్దున్న మావ నన్ను పెరట్లోకి పిలిచి గుడ్డ విప్పాడు. వందలో సగం కూడా మొలకెత్తలేదు. అవే గింజలు ఊరంతా నానబోస్తే ఆకు రాదు, మళ్ళీ చల్లే లోపల అదును దాటిపోతుంది, ఏడాది తిండి పోతుంది. ఇక ఆ ఊళ్ళో నా ముఖం ఎవడు చూస్తాడు?

"నీ మీద నాకు డౌటు నేదురా అల్లుడూ," అన్నాడు మావ, గుడ్డ మళ్ళీ మడత పెడుతూ. "గోని మీద అచ్చరాలు సూసి నమ్మీసినావు సూడు, అదే నా డౌటు. ఈ మాట బైట ఎవుల్తోనూ అనకు. ఎల్లి బస్తాలు మార్పించుకునిరా. ఊరిని నాను ఆపుతాను."

ఎలా ఆపుతాడో అడిగే ధైర్యం నాకు లేకపోయింది. ఆ పూటే టీ బడ్డీ దగ్గర అందరూ ఉండగా, ఈ ఏడు నా చెయ్యి మీద నాకే డౌటుగా ఉన్నాది, ఒక్క వారం ఆగండి అన్నాడట. జనం విరగబడి నవ్వారట. అందరి మీదా అయిపోయాక ఆఖరికి తన చేతి మీదే పడ్డాడు మావ అని ఒకటే హాస్యం. అయినా ఆగారు. నేను పై ఆఫీసు చుట్టూ పరుగులు పెట్టి, కాళ్ళావేళ్ళా పడి, ఆరో రోజుకి వేరే బస్తాలు తెప్పించాను. పాతవి రాత్రికి రాత్రే వెనక్కి పోయాయి. ఎవరికీ ఏమీ తెలియలేదు. ఎనిమిదో రోజున మావ గుప్పెడు చల్లాడు. పంట బాగా పండింది, నాకు మంచి పేరొచ్చింది. సంక్రాంతి వెళ్ళాక బదిలీ మీద విజయనగరం వెళ్ళిపోయాను. ఉత్తరాల్లో మావ అంతా బాగుందనే రాయించేవాడు.

కిందటేడు మావ సంవత్సరీకానికి వెళ్ళాను. భోజనాలయ్యాక అత్త పక్కన కూర్చుని, మావ పోయాక ఊళ్ళో తొలి గుప్పెడు ఎవరు వేస్తున్నారత్తా అని మాటవరసకి అడిగాను. ఆమె నా వైపు వింతగా చూసింది.

"నీకు తెల్దేటి నాయనా? ఆ ఏటికి ఊరుకున్నారు గానీ, నువ్వెల్లిపోయిన మరుసటేడే మానిపించీసినారు. తన సెయ్యి మీద తనకే డౌటన్నోడి సేత ఎవులు ఏయిస్తారు? ఏటేటా ఉతికిన పంచి అడిగి కట్టుకుని ఈ అరుగు మీదే కూకునీవోడు. ఎవులూ పిలిసీవోరు కాదు. అల్లుడికి మాత్తరం సెప్పకే అనీవోడు."

ఇరవైకి పైగా తొలకర్లు ఆయన అలా కూర్చున్నాడు. అన్నేళ్ళూ నేను ఆ ఊరి పేరు చెప్పి, అక్కడ నాకెంత మంచి పేరో అని నలుగురి దగ్గరా గొప్పలు పోయాను. విత్తనం సంగతి మూడు రోజుల్లో తేలిపోయింది. మావ సంగతి నాకు తేలడానికి పాతికేళ్ళు పట్టింది, అప్పటికి చెప్పుకోవడానికి ఆయన లేడు.